వాహ్యాళి లెక్క ఎవరికి చెప్పాలి?

సైకిల్ తొక్కడం మొదలుపెట్టి ఏడాదిన్నర అయింది. ఈ ఏడాదిన్నరలో "మోకాళ్ళు ఎలా ఉన్నాయి?" అని నన్ను అడిగినవాళ్ళు ఇద్దరు. "ఏ యాప్ వాడుతున్నారు?" అని అడిగినవాళ్ళు ఇరవై మందికి తక్కువుండరు. మా అపార్ట్‌మెంట్ సెక్రటరీ గారు అడిగారు. పాలు వేసే అబ్బాయి అడిగాడు. పెళ్ళిలో కనబడిన దూరపు చుట్టం ఒకాయన, అక్షింతలు ఇంకా గుప్పిట్లో ఉండగానే అడిగాడు. యాప్ లేకుండా తొక్కిన తొక్కుడు చెల్లదన్నట్టు!

అందుకే ఈసారి ఆ సంగతే రాస్తున్నా. ముందే చెబుతున్నాను, ఇది "మేటి పది యాప్‌లు" రకం వ్యాసం కాదు. కాస్త కోపంగానే ఉంటుంది. కాఫీ పక్కన పెట్టుకుని చదవండి.

మా అమ్మాయి చదువుకని ఊరు దాటాక దాని సైకిల్ సెల్లార్‌లో దుమ్ము పట్టి పడుండేది. ముందు బుట్ట ఉన్న మామూలు సైకిల్, గేర్లూ గీర్లూ లేవు. అమ్మేద్దామని గాలి కొట్టించడానికి తీసుకెళ్ళి, తిరిగొచ్చేటప్పుడు ఎవరూ చూడట్లేదు కదా అని ఎక్కాను. డిగ్రీలో ఉండగా తొక్కింది, మళ్ళీ ఇప్పుడే. పడలేదు. అంతే, అమ్మలేదు.

మాది వైజాగ్, ఎంవీపీ కాలనీ. పొద్దున్నే డికాషన్ దించి, అత్తగారికి ఫ్లాస్కులో కాఫీ పోసిపెట్టి, అయిదు ఇరవైకి బయల్దేరతాను. లాసన్స్ బే దగ్గర బీచ్ రోడ్డు ఎక్కి, కైలాసగిరి కింద తెన్నేటి పార్కు దగ్గర ఆ ఎత్తు ఎక్కలేక దిగి నడిపించి (ఇప్పుడు ఎక్కేస్తున్నా లెండి), జోడుగుళ్ళపాలెం మీదుగా సాగర్‌నగర్ దాకా వెళ్ళి వెనక్కి తిరుగుతాను. పోను రాను ఓ 12 కిలోమీటర్లు. ఆరూ నలభైకి మళ్ళీ వంటింట్లో ఉంటాను. వారానికి నాలుగు రోజులు.

బీఏ తెలుగు చదివినదాన్ని కాబట్టి ఈ పనికి ఒక పేరు పెట్టుకున్నాను. వాహ్యాళి. ఇప్పుడా మాటకి షికారు అనే అర్థమే మిగిలింది గానీ, కావ్యాల్లో వాహ్యాళి అంటే రాజుగారు సరదాగా గుర్రమెక్కి తిరిగి రావడం. యుద్ధానికీ కాదు, వేటకీ కాదు. ఊరికే. ఆ "ఊరికే" అన్న మాట మీదే ఈ వ్యాసమంతా.

ఇక యాప్ సంగతి. నా ఫోన్లో దాన్ని నేను వేసుకోలేదు. మా వారు వేశారు. ప్రేమగానే వేశారు, అబద్ధమెందుకు చెప్పాలి? ఆఫీసులో ఎవరో చెప్పారట, అందరూ ఇదే వాడుతున్నారట. "ఇదిగో, వెళ్ళేటప్పుడు ఇది నొక్కు, వచ్చాక ఇది నొక్కు, మిగతాదంతా అదే చూసుకుంటుంది" అన్నారు. ఖాతా ఆయన మెయిల్ మీద తెరిచారు. పాస్‌వర్డ్ ఆయనే పెట్టారు. అది ఏవేవో అనుమతులు అడుగుతుంటే అలౌ, అలౌ, అలౌ అని నొక్కుకుంటూ పోయారు. పెళ్ళిలో పురోహితుడు అనమన్నప్పుడల్లా "మమ" అన్నట్టు. దేనికి మమ అంటున్నామో అక్కడా తెలీదు, ఇక్కడా తెలీదు.

మీ ఫోన్లలో యాప్‌లు ఎవరు వేశారో ఒక్కసారి గుర్తు చేసుకోండి. మా ఫ్లాట్లలో ఆడవాళ్ళ ఫోన్లు సగానికి సగం కొడుకో, అల్లుడో, మొగుడో "సెట్ చేసి ఇచ్చినవే". పాస్‌వర్డ్ అడిగితే "ఉండండి, మా వాడికి ఫోన్ చేస్తా" అంటారు. పోపులపెట్టెలో ఆవాలు ఎక్కడున్నాయో ఇంకొకరిని అడగాల్సొస్తే మనకెంత చిన్నతనంగా ఉంటుంది? ఫోన్ దగ్గరికొచ్చేసరికి అది మనకి అనిపించదెందుకో.

మొదటి నెల బాగానే ఉంది. మ్యాప్ మీద నేను వెళ్ళిన దారంతా గీత గీసి చూపిస్తుంటే ముచ్చటేసింది. సముద్రం పక్కన వంకరటింకరగా ఓ గీత, ఆ గీత నేనే. ఎన్ని కిలోమీటర్లు, ఎంత వేగం, ఎన్ని కేలరీలు, అన్నీ చెప్పేది. ఈ కేలరీల లెక్క నా బరువూ వేగమూ చూసి కట్టే ఉజ్జాయింపేనని తర్వాత తెలిసింది. ఈలోగా మా ఇంట్లో దాన్ని చూసి నాకు పెసరట్టు మీద ఉప్మా వెయ్యాలా వద్దా అని తీర్పులు చెప్పడం కూడా అయిపోయింది.

రెండో నెలలో ఒక గురువారం, టిఫిన్ దగ్గర మా వారు ఫోన్ చూస్తూ అడిగారు, "జోడుగుళ్ళపాలెం దగ్గర 22 నిమిషాలు ఎందుకు ఆగావు?"

అనుమానంతో అడగలేదు. పంక్చరైందేమో అనుకున్నారంతే. కానీ నా చేతిలో చట్నీ గరిటె అలాగే ఆగిపోయింది. 22 నిమిషాలట. నాకే తెలీదు అన్ని నిమిషాలని.

ఆ రోజు జోడుగుళ్ళపాలెంలో పెద్దవల లాగుతున్నారు. చూడని వాళ్ళకి చెబుతాను. వలని పడవలో తీసుకెళ్ళి సముద్రంలో వంపుగా పరిచి వస్తారు. రెండు కొసల తాళ్ళూ ఒడ్డున ఉంటాయి. ఇటో వరసా అటో వరసా జనం నిలబడి లాగుతారు. ఎంతసేపు లాగినా ఏమీ కనబడదు, తడి తాడు ఇసకలో చుట్టలు చుట్టలుగా పడుతుంటుంది, అంతే. అటు వరసా ఇటు వరసా మెల్లగా దగ్గరకి జరుగుతుంటాయి. చివర్న ఒక్కసారిగా వల సంచీ ఒడ్డుకొస్తుంది. నెత్తళ్ళు ఎండలో తళతళ కొట్టుకుంటుంటే కాకులూ కుక్కలూ ఆడవాళ్ళూ అందరూ ఒకేసారి చేరతారు. ప్రబంధాల్లో అష్టాదశ వర్ణనలని పద్ధెనిమిది రకాలు చదువుకున్నాం, అందులో సముద్ర వర్ణన ఉంది. కానీ వల లాగేవాళ్ళ మడమలు ఇసకలో దిగబడడం ఏ కవి రాశాడో నాకైతే గుర్తు లేదు.

అక్కడొక ముసలావిడ చేపలు ఏరుతూ అడిగింది నన్ను. "ఏటమ్మా, రోజూ సైకిలేసుకుని ఎల్తన్నావు, ఎక్కడికేటి?"

"ఎక్కడికీ లేదమ్మా."

"మరెందుకు తొక్కడం?"

"ఊరికేనే."

ఆవిడ నన్నోసారి పైనుంచి కిందిదాకా చూసి, "బాగుంది" అంది. వెక్కిరింపో మెచ్చుకోలో తేల్చుకోలేక మరి కాసేపు నిలబడ్డాను. ఇదీ ఆ 22 నిమిషాలు.

టిఫిన్ దగ్గర ఇదంతా ఎలా చెప్పను? "వల లాగుతుంటే చూశానండీ" అన్నాను. "22 నిమిషాలా?" అన్నారు. అత్తగారు అందుకుని, "ఆగి నిలబడ్డానికైతే అంత దూరం వెళ్ళడం దేనికమ్మా, మన బాల్కనీలో నిలబడొచ్చుగా" అన్నారు. అందరం నవ్వుకున్నాం. నేనూ నవ్వాను.

అసలు విచిత్రం ఇంకోటుంది. ఈ యాప్‌లు చాలావాటిలో రెండు కాలాలు రాసుంటాయి. ఒకటి బయల్దేరిన దగ్గర్నుంచీ తిరిగొచ్చేదాకా పట్టిన మొత్తం సమయం. రెండోది చక్రం తిరిగినంత సేపే లెక్కేసే "మూవింగ్ టైమ్". ఆటో పాజ్ అని ఒకటుంటుంది, మనం ఆగగానే అదీ ఆగుతుంది. అంటే వల లాగడం, ఆవిడ పలకరింపు, కైలాసగిరి వెనకనుంచి వెలుతురు మారడం, ఇవన్నీ దాని దృష్టిలో జరగనే లేదు. నేనేదో దేనికోసం వెళ్ళానో అదంతా కోసేసి, మిగిలిన తొక్కు నాకు చూపించి "శభాష్" అంటుందది.

ఆ తర్వాతి వారం ఏమైందో చెబితే నమ్మరు. ఎవరూ నన్ను ఆగొద్దనలేదు. ఎవరూ తిట్టలేదు. నేనే ఆగడం మానేశాను! జోడుగుళ్ళపాలెం దగ్గర వల కనబడుతోంది, కాలు పెడల్ మీదే ఉంది, మనసులో మాత్రం "మళ్ళీ 20 నిమిషాలు పడుతుంది, అడుగుతారు, సగటు పడిపోతుంది" అని లెక్క. గంటకి 13 కిలోమీటర్ల సగటు పడిపోతే కొంపలేం మునుగుతాయి? ఎవరి పోటీలో ఉన్నాను నేను? అయినా ఆగలేదు. మూడు వారాలు అలా తొక్కాను. ఇంట్లో పొద్దున్నుంచీ రాత్రిదాకా గడియారం చూసి బతికే మనిషికి గడియారం లేని గంట ఒకటి దొరికితే, దాని మెడకీ గంట కట్టేశాను.

తీరిక అన్న మాట చూడండి. తీరు అన్నదాంట్లోంచి వచ్చింది. పని తీరాక మిగిలేది తీరిక. మన ఇళ్ళల్లో పని ఎప్పుడు తీరింది కనక? అందుకే మనకొచ్చే తీరిక దొంగిలించుకున్నట్టుంటుంది, దానికి సాక్ష్యం ఉండకూడదనిపిస్తుంది. పక్కన ఓ యంత్రం కూర్చుని నిమిషనిమిషానికీ రసీదు కొడుతుంటే అది ఇంకేం తీరిక?

సరే, ఇంతవరకూ ఇంటి గొడవ. ఇక బయటిది.

ఒకరోజు లాసన్స్ బే మలుపు దగ్గర ఒకాయన సైకిల్ మీద నా పక్కకొచ్చాడు. ముప్ఫై అయిదేళ్ళుంటాయి. హెల్మెట్, చేతికి గ్లవుజులు, మర్యాదస్తుడిలానే ఉన్నాడు. "గుడ్ మార్నింగ్ మేడమ్. నిన్న పది నిమిషాలు లేటుగా బయల్దేరారు" అన్నాడు.

నేను గుడ్ మార్నింగ్ అనేశాను కూడా. ఓ పది గజాలు పోయాక వెన్నులో చల్లగా పాకింది. నేను ఇంటినుంచి ఎప్పుడు బయల్దేరానో ఇతనికెలా తెలుసు?

ఇంటికొచ్చి యాప్ తెరిచి చూస్తే అప్పుడర్థమైంది. నా గీత మా గేటు దగ్గర మొదలై మా గేటు దగ్గరే ముగుస్తోంది. ఏ రోజు, ఎన్ని గంటలకి, ఏ దారిన, ఎక్కడ ఎంతసేపు ఆగాను, అన్నీ. "ఎవరు చూడొచ్చు" అన్నచోట "అందరూ" అని ఉంది. మొదట్నుంచీ అదే ఉంది, ఎవరం మార్చలేదు. నా ప్రతి సవారీకీ బొటనవేలు పైకెత్తి మెచ్చుకున్న తెలియని మనుషులు తొమ్మిది మంది. ఇన్నాళ్ళూ వాళ్ళని మా వారి స్నేహితులనుకున్నాను, మా వారేమో నా స్నేహితులనుకున్నారు.

ఆ యాప్ పేరు రాయను. తప్పు ఆ ఒక్కదానిదే కాదు.

ఆ మనిషి నన్నేమీ చెయ్యలేదు. మళ్ళీ మాట్లాడనూ లేదు. నిజంగానే పలకరింపుగా అన్నాడేమో కూడా. ఏమీ జరగలేదు. కానీ ఆ సంగతి ఇంట్లో రెండు నెలలు చెప్పలేకపోయాను. ఎందుకో మీకు విడమరిచి చెప్పాలా? చెబితే ఆయన్నెవరూ ఏమీ అనరు, యాప్‌నీ ఎవరూ ఏమీ అనరు. నా సైకిల్ సెల్లార్‌లోకి వెళుతుంది. "ఈ వయసులో ఇప్పుడది అవసరమా" అన్న మాట ఎక్కడో గుమ్మం వెనకాల సిద్ధంగా నిలబడే ఉంటుంది మనకోసం. మనం భయపడ్డామని తెలిస్తే చాలు, లోపలికొచ్చేస్తుంది. ఏ తలనొప్పి వచ్చినా ముందు కోసేది మన గంటనే. అందుకే చప్పుడు చెయ్యకుండా యాప్ తీసేసి, దారి మార్చి, అప్పుఘర్ వైపునుంచి తిరిగాను కొన్నాళ్ళు.

"నువ్వు మరీను, సెట్టింగుల్లోకి వెళ్ళి మార్చుకుంటే పోయేది కదా" అంటారని తెలుసు. మా వారూ అదే అన్నారు తర్వాత. సరే, మార్చుకోవడం తెలిసినవాళ్ళ సంగతి చూద్దాం. స్ట్రావా అని చాలామంది వాడే యాప్ ఉంది. 2017 నవంబరులో వాళ్ళు ప్రపంచంలో తమవాళ్ళు తిరిగిన దారులన్నీ కలిపి వెలుగుగీతలతో ఒక పటం బయటపెట్టారు. పేర్లు లేవు, గీతలే. 2018 జనవరిలో ఆస్ట్రేలియా కుర్రాడొకడు, విద్యార్థి, ఆ పటం చూసి ఎవరూ లేని ఎడారుల్లో ఈ వెలుగులేంటని వేలు పెట్టి చూపించాడు. అవి సైనిక స్థావరాలు. పొద్దున్నే వ్యాయామానికి పరిగెత్తిన సైనికుల అడుగుజాడలు. ఆ తర్వాతయినా జాగ్రత్తపడ్డారా అంటే, 2024లో ఫ్రెంచి పత్రిక ల మోఁద్ దేశాధ్యక్షుల అంగరక్షకుల పరుగులు ఇలాగే దొరుకుతున్నాయని బయటపెట్టింది. 2025లో స్వీడన్ ప్రధానమంత్రి అంగరక్షకులదీ అదే కథ. తుపాకీ పట్టుకుని ఇంకొకరి ప్రాణం కాపాడడమే ఉద్యోగమైన వాళ్ళకి ఆ గడి మార్చాలని గుర్తుకు రాలేదు. పొయ్యి మీద డికాషన్ పెట్టి వచ్చినదాన్ని నేను మార్చలేదని నా తప్పంటారా?

అదే యాప్‌లో ఫ్లైబై అని ఒకటుంది. దారిలో మనల్ని దాటిపోయినవాళ్ళు ఎవరో చూపిస్తుంది. 2020లో గొడవయ్యాక, ఎవరికి వాళ్ళు తెరుచుకుంటే తప్ప కనబడకుండా మార్చారు. అంతకుముందు ఆ తలుపు తెరిచే ఉండేది. ఇంటి చుట్టూ కొంత దూరం గీత కనబడకుండా చేసే ఏర్పాటూ ఇప్పుడుంది. ఉన్నాయి, కాదనను. నేననేది ఒకటే. తలుపు ముందు మూసుంచి, కావాలంటే తెరుచుకోమనాలి గానీ, తెరిచిపెట్టి మూసుకోవడం నీ బాధ్యత అనడమేంటి? ఇల్లు కట్టినవాడు అలా చేస్తే ఊరుకుంటామా?

ఇంకో సంగతి నాకు ఈమధ్యే తెలిసి చాలా ఆశ్చర్యమేసింది. మన చోటు మన ఫోన్‌కి తెలియడానికి ఏ కంపెనీ సాయమూ అక్కర్లేదట. 20 వేల కిలోమీటర్ల పైన తిరిగే జీపీఎస్ ఉపగ్రహాలు సంకేతాలు పంపిస్తూనే ఉంటాయి, ఫోన్ వాటిని రేడియోలాగా వింటుంది. వినడమే, తిరిగి చెప్పడం లేదు. సిమ్ లేకపోయినా, డేటా కట్టేసినా అది పనిచేస్తుంది. అంటే నేనెక్కడున్నానో నాకు తెలియడానికి మూడో మనిషి అవసరం లేదు. మధ్యలో దూరిన మూడో మనిషి తన అవసరం కోసం దూరాడు.

ఇప్పుడు మా వారి వాదన. నేను యాప్ తీసేశానని రెండు నెలలకి గమనించి అడిగారు. అప్పుడు చెప్పాను, అంతా. ముందు "ఎవడు వాడు?" అన్నారు. తర్వాత, నేననుకున్నట్టే, "కొన్నాళ్ళు మానెయ్యకూడదూ?" అన్నారు. "మానేశానుగా, యాప్" అన్నాను. "మరి నీకేమైనా అయితే? ఎక్కడున్నావో మాకెలా తెలియాలి?" అన్నారు.

ఇది తీసిపారేసే మాట కాదు. బీచ్ రోడ్డు మీద పొద్దున్నే కార్లు ఎలా పోతాయో నాకూ తెలుసు. కానీ భద్రత వేరు, లెక్క వేరు. భద్రతకి కావల్సింది నేనిప్పుడు ఎక్కడున్నానో ఒక్క మనిషికి తెలియడం, నేను ఇల్లు చేరేదాకా. దానికి వాట్సప్‌లో లైవ్ లొకేషన్ ఉంది. 15 నిమిషాలో, గంటో, 8 గంటలో, మనమే పెట్టి ఒక మనిషికి పంపొచ్చు. టైమైపోతే అదే ఆగిపోతుంది. పోయిన మంగళవారం నేనెక్కడ ఎంతసేపు ఆగానో ఈ రోజు నా ప్రాణం కాపాడదు కదా! ఆడవాళ్ళ మీద పెట్టే కాపలాలన్నీ భద్రత పేరుతోనే వస్తాయి, వచ్చాక లెక్కలడగడం మొదలుపెడతాయి. రెంటినీ విడదియ్యమని అడగడం మన హక్కు. మన పెద్దరికం కూడా.

మా పెద్దాడపడుచు ఒకావిడ హైదరాబాదులో ఉంటారు. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో తెరిచిన సోలార్ కప్పు ట్రాక్ ఉంది కదా, 23 కిలోమీటర్లది, అక్కడ తొక్కుతారు. ఆవిడ దగ్గర ఈ వాదనంతా పెడితే నన్ను చక్కగా విని, "నువ్వు చెప్పింది బాగానే ఉంది. కానీ నేను యాప్ మానను" అన్నారు. ఎందుకు వదినా అంటే, "ఇరవై ఎనిమిదేళ్ళు వండాను. ఒక్కరైనా ఈ రోజు బాగా చేశావనలేదు. 20 కిలోమీటర్లు తొక్కితే నలభై మంది బాగుందంటున్నారు. పోగొట్టుకోమంటావా?" అన్నారు.

దీనికి నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ పూర్తిగా లేదు. ఆవిడకి పోటీ ఇష్టం, నిన్నటికన్నా ఇవాళ వేగం పెరిగిందంటే ఫోన్‌లో గొంతు మారిపోతుంది. అలాంటివాళ్ళకి అలాంటి యాపే సరైనది. నేనన్నదల్లా ఆ నలభై మందీ ఎవరో మీకు తెలిసుండాలి వదినా, అని. ఆ రాత్రి కూర్చుని చూసుకున్నారట. పధ్నాలుగు మందిని తీసేశారు. ఇరవై ఆరు మంది మెచ్చుకోళ్ళు మిగిలాయి, చాలంటున్నారు.

మరి ఏది ఎంచుకోవాలంటారా? ఎన్ని హంగులున్నాయని చూడకండి. ఖాతా తెరవమని అడుగుతుందా, అడక్కుండా పనిచేస్తుందా చూడండి. తొక్కిన దారి మన ఫోన్లోనే ఉంటుందా, వాళ్ళ దగ్గరికి వెళ్ళిపోతుందా చూడండి. జీపీఎక్స్ అని ఒక ఫైలు ఉంటుంది, గీతని దాచుకునే మామూలు అక్షరాల ఫైలు, ఎక్కడైనా తెరుచుకుంటుంది. ఆ రూపంలో మన గీత మన చేతికిస్తుందా అని కచ్చితంగా చూడండి. ఎండోమోండో అని ఒకప్పుడు పేరున్న యాప్ 2020 డిసెంబరు 31తో దుకాణం కట్టేసింది. ఏళ్ళ తరబడి అందులో తొక్కినవాళ్ళు తమ గీతలు తాము మూటగట్టుకోవాల్సొచ్చింది. అద్దింట్లో మామిడిచెట్టు నాటినట్టు అవుతుంది లేకపోతే.

నేను ప్రస్తుతం వాడుతున్నది ఓపెన్‌ట్రాక్స్. ఆండ్రాయిడ్ ఫోన్లకే ఉంది. దానికి ఇంటర్నెట్ అనుమతే లేదు, పంపించాలన్నా పంపించలేదు. ఖాతా లేదు, ప్రకటనల్లేవు, మెచ్చుకునేవాళ్ళూ లేరు. లోపాలున్నాయి. అందులో మ్యాప్ ఉండదు, గీత మ్యాప్ మీద చూడాలంటే ఆస్మ్‌అండ్ లాంటి ఇంకోదాన్ని పక్కన పెట్టుకోవాలి. చూడ్డానికి అందంగా ఏమీ ఉండదు, మా అమ్మాయి "అమ్మా, ఇదేంటి, ఆఫీసు ఫారంలా ఉంది" అంది. ఒకటి గుర్తుంచుకోండి, ఫోన్లో బ్యాటరీ పొదుపు ఏర్పాటు ఇలాంటి యాప్‌లని మధ్యలో ఆపేస్తుంటుంది. దీనికి మాత్రం మినహాయింపు ఇవ్వకపోతే సగం దారిలో గీత తెగిపోతుంది. నాకు రెండుసార్లు తెన్నేటి పార్కు దగ్గర తెగింది.

కొత్తది వేసుకునేటప్పుడు ఒక పని చేశాను. మా వారు చెయ్యి చాస్తే ఫోన్ ఇవ్వలేదు. "నేనే నొక్కుతా, మీరు పక్కన కూర్చోండి" అన్నాను. ప్రతి అనుమతీ చదివి నొక్కేసరికి అరగంట పట్టింది. మధ్యలో రెండుసార్లు ఆయనకి ఓపిక పోయింది, అయినా కూర్చున్నారు.

మర్నాడు అయిదింటికి లేచి చూద్దును కదా, సైకిల్‌కి గాలి కొట్టి ఉంది. ఎవరు కొట్టారని నేనడగలేదు, ఆయన చెప్పలేదు. బయల్దేరుతూ ఆయనకి గంటకి లైవ్ లొకేషన్ పెట్టాను.

జోడుగుళ్ళపాలెంలో ఉండగా ఆ గంటా అయిపోయింది. వెంటనే ఫోన్.

"ఎక్కడున్నావు?"

"ఇక్కడే, వల లాగుతున్నారు."

కాసేపు అటునుంచి మాట లేదు.

"ఏం పడ్డాయి?"

"ఇంకా పైకి రాలేదండీ, ఉండండి."

"నెత్తళ్ళయితే అరకేజీ పట్రా."

పట్టుకొచ్చాను. బుట్టలో వాసన నాలుగు రోజులదాకా పోలేదు.